ఇరవయ్యో మనిషి చేరిన తర్వాత

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు, టిప్పర్లకు బాడీలు కట్టే షెడ్డు మాది. నాన్నగారు మొదలుపెట్టిన ఆ పనిని ఆరేళ్లుగా నేను చూసుకుంటున్నాను. ఆర్డర్లు, రేకుల కొనుగోలు, బ్యాంకు, జీతాలు నా చేతిలో ఉన్నాయి. కటింగూ వెల్డింగూ ఇప్పటికీ ఆయన కళ్లముందే జరుగుతాయి. 2025 జూన్ నుంచి డిసెంబరు వరకు, మా దగ్గర పనిచేసేవాళ్లను, వైద్యమూ బీమా అందించే ఈఎస్ఐలోను, పెద్దవయసు కోసం దాచే ప్రావిడెంట్ ఫండులోను చేర్పించిన క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పదిమందితో ఇరవైమందితో సంస్థలు నడిపే మాలాంటివాళ్లలో చాలామంది ఈ పనిని ఒక కన్సల్టెంటుకు అప్పగించి మరిచిపోతారు. నేనూ అలాగే మొదలుపెట్టి, మధ్యలో ఆ కాగితాలన్నీ వెనక్కి తెచ్చుకుని నా చేత్తోనే పూర్తిచేశాను.

జూన్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం, బెండింగ్ మెషిన్ మీద రేకు సర్దుతున్న హెల్పర్ కుర్రవాడి కుడిచేతి చూపుడువేలు డై కింద నలిగింది. ఫిట్టరు పెడల్ మీద నుంచి కాలు తీసేలోపే వేలి కొస ఎముక విరిగింది. వెంటనే దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆపరేషనుకు, మందులకు, కట్లు మార్పించడానికి కలిపి 64,000 రూపాయలు అయితే మేమే కట్టాం. పనికి రాని ఐదు వారాలకూ జీతం ఇచ్చాం. అంతటితో మా బాధ్యత తీరిందనే అనుకున్నాను. ఐదో రోజున అతని తల్లి షెడ్డుకు వచ్చింది. డబ్బు అడగడానికి వచ్చిందేమోనని కుర్చీ వేయించాను కానీ ఆమె కూర్చోలేదు. "అమ్మా, మావాడి పేరు మీ దగ్గర ఏ పుస్తకంలోనైనా రాసి ఉందా?" అని అడిగింది. తాపీపనికి వెళ్లే ఆమె భర్త ఎనిమిదేళ్ల కిందట పరంజా మీద నుంచి పడి చనిపోయినప్పుడు, ఆయన అక్కడ పనిచేస్తున్నట్టు ఎక్కడా రాసి లేదని తేలిందట. నేను లోపలికి వెళ్లి హాజరు పట్టీ తెచ్చి చూపించాను. అందులో ఆ కుర్రవాడి పేరు "చిన్నా" అని ఉంది. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు, చేరిన తేదీ పెన్సిలుతో రాసి ఉంది. ఆమె చదువుకోలేదు, నేను వేలు పెట్టి చూపించిన గీతను చూసి, తలూపి వెళ్లిపోయింది. ఆ పట్టీని బల్ల మీద పెట్టుకుని నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

పదిమంది పనిచేసే కర్మాగారానికి ఈఎస్ఐ, ఇరవైమంది పనిచేసే సంస్థకు ప్రావిడెంట్ ఫండు వర్తిస్తాయని నాకు తెలియక కాదు. మా సంఖ్య మూడేళ్ల కిందటే పది దాటింది. ఎవరూ అడగలేదు కనుక నేనూ కదపలేదు. ఇది నా తప్పు, దీనికి వేరే పేరు పెట్టలేను. ఫండు విషయంలో మాత్రం "మనం పదిహేడు మందిమే కదా" అనే ధీమా ఉండేది. పట్టీ ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ లెక్కపెడితే ఆ లెక్కా నిలబడలేదు. రంగులు వేసే నలుగురూ మేస్త్రీ మనుషులనీ, వాళ్ల డబ్బు మేస్త్రీకే ఇస్తున్నామనీ నేనెప్పుడూ వాళ్లను కలుపుకోలేదు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినా మా షెడ్డులో మా పనే చేసేవాళ్లు చట్టం దృష్టిలో మా లెక్కలోకే వస్తారు. ఆ నలుగురూ ఏప్రిల్ మొదటి వారం నుంచి ఉన్నారు. అంటే ఇరవయ్యో మనిషి మా గడప దాటి అప్పటికే రెండు నెలలైంది.

మొదట ఒక కన్సల్టెంటును పిలిచి కాగితాలు ఇచ్చాను. ఆయన రెండు రోజుల తర్వాత వచ్చి, "పెయింటర్లను వదిలేద్దాం, పంతొమ్మిది మందికి ఎప్పటికీ మించనట్టు చూసుకుందాం" అన్నాడు. ఈఎస్ఐకి అయితే తొమ్మిది మందిని చూపించి, మిగిలినవాళ్లను మా బంధువుల పేరున ఉన్న మరో సంస్థ కింద రాస్తే సరిపోతుందని సలహా ఇచ్చాడు. జీతాలను కూడా బేసిక్ ఏడు వేలుగా, మిగతాది రకరకాల అలవెన్సులుగా విడగొడితే ఫండుకు కట్టేది సగానికి తగ్గుతుందని ఒక కాగితం మీద వేసి చూపించాడు. ఆయన చెప్పినది మా వీధిలో చాలామందికి కొత్త కాదు, నాకూ కొత్త కాదు. అయితే ఆ తొమ్మిది మందిలో ఎవరుండాలో, మిగిలిన పన్నెండు మందిలో ఎవరుండాలో టిక్కు పెట్టమని జాబితా నా ముందు పెట్టినప్పుడు, వేలు నలిగిన కుర్రవాడి పేరు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. మరునాడే ఆయనకు ఇవ్వాల్సిన ఫీజు ఇచ్చేసి కాగితాలు తిరిగి తీసుకున్నాను.

అదే సమయంలో ఈఎస్ఐ సంస్థ "స్ప్రీ" అనే నమోదు పథకాన్ని ప్రకటించింది. 2025 జూలై 1 నుంచి డిసెంబరు 31 వరకు తమంతట తాము ముందుకు వచ్చి నమోదయ్యే యజమానులకు, వాళ్లు ప్రకటించిన తేదీ నుంచే చట్టం వర్తిస్తుందనీ, అంతకుముందు కాలపు బకాయిలు అడగరనీ దాని సారాంశం. మూడేళ్ల నిర్లక్ష్యానికి అంత తేలికగా విడుదల దొరకడం నాకు అర్హమైనది కాదనే అనిపించింది, అయినా వినియోగించుకున్నాను. ఫండు విషయంలో అటువంటి వెసులుబాటు అప్పటికి లేదు. ఏప్రిల్ నుంచి జూలై దాకా నాలుగు నెలల బకాయి కట్టాలి. గడిచిన నెలల ఉద్యోగి వాటాను ఇప్పుడు జీతంలో నుంచి కోసుకునే వీలు లేదు కాబట్టి రెండు వాటాలూ మా మీదే పడ్డాయి. రెండు లక్షల నలభై వేల పైచిలుకు తేలింది. దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆలస్యానికి నెలకు 1 శాతం చొప్పున నష్టపరిహారం అదనం. ఇకపై నెలనెలా పడే కొత్త ఖర్చు నలభై వేలు దాటుతుంది. ఈ అంకెలన్నీ వేసి నాన్నగారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి కాగితాన్ని రెండుసార్లు చూసి, "బాడీ అడుగున ఒక అడ్డపట్టీ తగ్గించి కడితే బయటికి ఎవరికీ కనపడదు. లోడు పడిన రోజున తెలుస్తుంది. కట్టేయమ్మా" అన్నారు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టులో నుంచి ఆ డబ్బు తీశాం.

మేము కట్టేసిన తర్వాత, నవంబరు 1 నుంచి ఫండు సంస్థ కూడా ఇటువంటి నమోదు కార్యక్రమం మొదలుపెట్టింది. 2017 జూలై 1 నుంచి 2025 అక్టోబరు 31 మధ్య చేరి, ఇప్పటికీ సభ్యులు కాని ఉద్యోగులను 2026 ఏప్రిల్ 30లోగా చేర్పిస్తే, జీతంలో కోయని ఉద్యోగి వాటాను మాఫీ చేసి, వంద రూపాయల నామమాత్రపు జరిమానాతో సరిపెడతారు. మూడు నెలలు ఆగి ఉంటే చాలా డబ్బు మిగిలేదని తెలిసినవాళ్లు అన్నారు. అప్పుడు అది వస్తుందని మాకు తెలియదు; తెలిసినా ఆగకూడదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ గడువులోగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఈ సంగతి తప్పక ఉపయోగపడుతుంది.

చట్టం పని కంటే పనివాళ్లకు చెప్పి ఒప్పించడమే కష్టమైంది. మా దగ్గర ప్రతి శనివారం సాయంత్రం బట్వాడా. ఆ రాత్రే సరుకులు కొనుక్కుంటారు, ఆదివారం మాంసం తెచ్చుకుంటారు, చీటీ వాయిదా కడతారు. జూలై చివరి శనివారం యంత్రాలు ఆపి అందరినీ కూర్చోబెట్టి, గోడకు ఆనించి ఉన్న ఎనిమిదడుగుల రేకు మీద, కొలతలు గీసుకునే సుద్దముక్కతోనే లెక్క రాశాను. నెలకు 14,000 వచ్చే హెల్పరుకు ఫండు 12 శాతం, అంటే 1,680; ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 105. మొత్తం కోత 1,785 పోను చేతికి 12,215. దాని పక్కనే మేము వేసేది రాశాను. ఫండుకు మరో 1,680, అందులో 1,166 పెన్షనుకు వెళ్తే 514 వాళ్ల ఖాతాలోకి, ఈఎస్ఐకి 3.25 శాతం 455, ఫండుకు అనుబంధంగా ఉన్న బీమాకు 70, నిర్వహణ ఛార్జీలకు 70, మొత్తం 2,275. ఒక్కొక్కరి జీతంతో విడివిడిగా వేసి చూపించాను. ఆ రేకు నిండిపోయింది.

వాళ్లు అడిగిన ప్రశ్నలకు నా దగ్గర అన్నింటికీ సిద్ధంగా జవాబులు లేవు. "నాకు ఇరవై రెండేళ్లు, యాభై ఎనిమిదేళ్లకు వచ్చే పెన్షను గురించి ఇప్పుడెందుకు మేడమ్?" అని ఒక కట్టర్ అడిగాడు. నెలకు 1,500 చీటీ వేస్తున్న హెల్పరు, ఈ కోతతో చీటీ మధ్యలో ఆగిపోతే వేసిందంతా పోతుందని దాదాపు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఒడిశా నుంచి వచ్చిన ఇద్దరు, తాము సంక్రాంతి తర్వాత వెళ్లిపోతే ఈ డబ్బు ఎవరికి చెందుతుందని అడిగారు. షెడ్డు ఊడ్చి, టీలు తెచ్చే ఆమె అందరికంటే వెనక కూర్చుని, "మా అమ్మకు బీపీ, షుగరు ఉన్నాయి, ఆమెకు కూడా మందులిస్తారా?" అని అడిగింది. ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం అందుతుందని చెప్పగానే ఆమె ముఖం మారింది. ఆ రోజు గంటసేపు నేను చెప్పిన వాటిలో వాళ్ల మనసుకు ఎక్కింది ఆ ఒక్క మాటే. అప్పటిదాకా ఎదురు చెప్పినవాళ్లు తమ తల్లుల గురించీ, భార్యల గురించీ అడగడం మొదలుపెట్టారు.

కోత వల్ల తగ్గే మొత్తంలో సగాన్ని మొదటి ఏడాదికి జీతంలో కలిపి ఇవ్వాలని ఆ రాత్రే నిర్ణయించాం. బట్వాడాను వారం నుంచి నెలకు మార్చక తప్పలేదు, కానీ శనివారం పూట చేతిలో డబ్బు లేకపోతే ఇల్లు గడవదని మాకూ తెలుసు. అందుకని ప్రతి శనివారం జీతంలో కొంత అడ్వాన్సుగా బ్యాంకు ఖాతాలో వేసి, మిగిలింది తరువాతి నెల 7వ తేదీలోగా లెక్క చీటీతో సహా ఇస్తున్నాం. దీనికి రెండు నెలలు పట్టింది, నలుగురికి బ్యాంకు ఖాతాలే కొత్తగా తెరిపించాల్సి వచ్చింది.

సంస్థ నమోదు కేంద్ర కార్మిక శాఖ వారి శ్రమ సువిధ పోర్టల్లో జరిగింది. పాన్, జీఎస్టీ, ఉద్యమ్ పత్రాలు, కరెంటు బిల్లు, రద్దుచేసిన చెక్కు, డిజిటల్ సంతకం ఉంటే అందులో చెప్పుకోవాల్సిన కష్టమేమీ లేదు. అసలు శ్రమ పేర్ల దగ్గర మొదలైంది.

మన పేర్లకు ఇంటిపేరు ముందుంటుంది. స్కూలు సర్టిఫికెట్లో అది ఒక అక్షరంగా ఉంటుంది, ఆధార్లో పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో చివరికి వెళ్తుంది, బ్యాంకు పాసుపుస్తకంలో మాయమవుతుంది. వెంకటేశ్వరరావు అనే ఒక్క పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో ఈ పని చేసేదాకా నాకు తెలియదు: "శ్వ"లో ఒకచోట హెచ్ ఉంటుంది, ఒకచోట ఉండదు, "రావు" ఒకచోట అతుక్కుంటుంది, ఒకచోట విడిపోతుంది. మనిషికి అవన్నీ ఒకటే, కంప్యూటరుకు నలుగురు మనుషులు. పుట్టిన తేదీలు కూడా అంతే. సంవత్సరం మాత్రమే చెప్పినవాళ్లకు ఆధార్లో జనవరి 1 పడింది, బడిలో చేర్చుకున్న మాస్టారు తోచిన తేదీ వేసినవాళ్లకు జూన్, జూలైలు వచ్చాయి. ఇరవై ఒక్క మందిలో అన్ని పత్రాల్లోనూ ఒకే పేరు, ఒకే తేదీ ఉన్నవాళ్లు ఆరుగురే. ఒక నోటు పుస్తకం తీసుకుని, మనిషికి ఒక పేజీ కేటాయించి, ప్రతి పత్రంలో పేరు ఎలా ఉందో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. ఆ పుస్తకమే లేకపోతే ఈ పని పూర్తయ్యేది కాదు.

ఈ తేడాలను ఇప్పుడు వదిలేస్తే, పదేళ్ల తర్వాత డబ్బు తీసుకునే రోజున అవి అడ్డం వస్తాయి. ఆ రోజున మేము ఉంటామో, షెడ్డు ఉంటుందో, మా సంతకం దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. కన్సల్టెంట్లలో శ్రద్ధగా చేసేవాళ్లు లేరని నేను అనను. కానీ వందల సంస్థల పని ఒకేసారి చూసేవాళ్లు, మా హెల్పరు తాతగారి ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరులో ఒక అక్షరం తప్పిందని గమనించడం కష్టం. ఆ మనిషితో రోజూ మాట్లాడేవాళ్లే అది గమనించగలరు.

ఫండులో కొత్త సభ్యులకు వచ్చే పన్నెండు అంకెల యూఏఎన్ అనే సభ్యత్వ నంబరును 2025 ఆగస్టు 1 నుంచి ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి. దానికి ఆధార్‌తో జతపడిన ఫోను నంబరు పనిచేస్తూ ఉండాలి. తొమ్మిది మంది నంబర్లు ఎప్పుడో పోయాయి. వాళ్లను ముగ్గురేసి చొప్పున ఆధార్ కేంద్రానికి పంపితే, ఇద్దరి వేలిముద్రలను యంత్రం తీసుకోలేదు. ఏళ్ల తరబడి గ్రైండరు పట్టిన చేతులవి. వేలి రేఖలు అరిగి, చర్మం నున్నగా, గట్టిగా తయారైంది. కనుపాపలతో పని పూర్తిచేసి పంపించారు. తిరిగి వచ్చాక షెడ్డు బయట, వెలుతురు నేరుగా పడని గోడ పక్కన స్టూలు వేసి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నా ఫోనులోనే యాప్ తెరిచాను. కళ్లు ఆర్పమని యాప్ చెబుతుంది. పొద్దుటి నుంచి వెల్డింగ్ చేసి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్న మనిషికి అది నాలుగైదు సార్లు ప్రయత్నిస్తే కానీ కుదరలేదు. ఆ తరువాత నుంచి ఉదయం పని మొదలుకాక ముందే ఈ పని పెట్టుకున్నాం. ఇది చిన్న విషయంగానే కనిపిస్తుంది, కానీ వెల్డర్లున్న ప్రతి సంస్థకూ పనికొస్తుంది.

మా పెద్ద వెల్డరును నేను చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తాను. ఆయనకు కొత్త నంబరు తీయబోతే, ఇదివరకే ఒకటి ఉన్నట్టు తేలింది. 2012 నుంచి 2018 దాకా చెన్నై దగ్గర బస్సు బాడీల పనిచేసినప్పుడు అక్కడ చేర్చిన ఖాతా అది. "అది ఎప్పుడో పోయింది పాపగారూ, ఆ ఊరు వదిలేశాక ఎవరిని అడగాలో తెలియలేదు" అన్నారు. పేరులో రెండు అక్షరాల తేడాను, ఉద్యోగీ యజమానీ కలిసి ఇచ్చే సంయుక్త ప్రకటన దరఖాస్తుతో సరిచేయించడానికి ఐదు వారాలు పట్టింది. పాసుపుస్తకం తెరుచుకున్న రోజున అందులో లక్షా డెబ్బై ఆరు వేల పైచిలుకు ఉంది. ఆయన ఫోను తీసుకుని తెర మీద బొటనవేలితో ఆ అంకెను తడిమి, కింద పెట్టి, మళ్లీ తీసుకున్నారు. పెన్షనుకు కావలసిన పదేళ్ల సర్వీసులో ఆరేళ్లు అప్పటికే జమ అయి ఉన్నాయనీ, ఇంకో నాలుగేళ్లు చేస్తే యాభై ఎనిమిదేళ్ల తర్వాత పెన్షను వస్తుందనీ చెప్పాను. ఆయన వయసు నలభై తొమ్మిది. జీతం 24,000 కాబట్టి కొత్తగా చేరేవారైతే ఫండు తప్పనిసరి అయ్యేది కాదు. 15,000 పైన జీతంతో మొదటిసారి చేరేవాళ్లకు అది తప్పనిసరి కాదు. పాత సభ్యుడు కావడం వల్ల, జీతంలో 15,000 వరకే ఫండు లెక్కగట్టే పద్ధతిలో కొనసాగారు. ఈఎస్ఐ పరిమితి 21,000 కనుక ఆయనకూ, మరో ఇద్దరికీ అది వర్తించలేదు. ఆ ముగ్గురికీ వేరే ఆరోగ్య బీమా తీసుకున్నాం.

జీతాన్ని ముక్కలు చేసి చూపించే సలహా గురించి కూడా ఒక మాట చెప్పాలి. అందరికీ ఒకే తీరుగా ఇచ్చే అలవెన్సులను ఫండు లెక్కకు బేసిక్ జీతంలో భాగంగానే చూడాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న తీర్పు ఇచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో, మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే ఆ దాటిన భాగాన్ని జీతంగానే లెక్కిస్తారు. ఏడు వేల బేసిక్ చూపించి తప్పించుకునే దారి చట్టపరంగా కూడా మూసుకుపోతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ ఏడు వేల మీద లెక్కగట్టిన డబ్బుతో యాభై ఎనిమిదేళ్ల మనిషి ఎలా బతుకుతాడన్నది నన్ను వదలని ప్రశ్న.

ఈఎస్ఐ కార్డులకు కుటుంబం ఫోటోలు కావాలి. ఆగస్టులో ఒక ఆదివారం, మా వీధి చివరి స్టూడియో ఆయన షెడ్డులోనే తెల్లబట్ట కట్టి అందరివీ తీశారు. భార్యలు పట్టుచీరలు కట్టుకుని వచ్చారు, పిల్లలు టిప్పరు ట్రాలీ ఎక్కి దిగమన్నా దిగలేదు. వేలు నలిగిన కుర్రవాడు తల్లితో దిగాడు. ఆ ప్రమాదం నమోదుకు ముందుది కాబట్టి ఈఎస్ఐ కిందికి రాదు. అటువంటి సందర్భంలో, అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద బాధ్యత పూర్తిగా యజమానిదే. నమోదై ఉంటే చికిత్సతో పాటు పనికి రాలేని రోజులకు వేతనంలో 90 శాతం అతనికి హక్కుగా అంది ఉండేది, మా దయమీద ఆధారపడి ఉండేవాడు కాదు. కార్డు ప్రింటు తీసి ఇచ్చిన రోజున అతని తల్లి మళ్లీ వచ్చింది. ఇంటిపేరుతో సహా కొడుకు పేరు, దాని కింద తన పేరు చదివి వినిపించమంది. రెండుసార్లు చదివించుకుంది.

షెడ్డు ఊడ్చే ఆమె తల్లికి సెప్టెంబరు నుంచి డిస్పెన్సరీలో నెలనెలా మందులు వస్తున్నాయి. అక్టోబరులో ఒక ఫిట్టరు కాలి మీద యాంగిల్ పడితే గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసారి నా చేతిలో డబ్బు కట్టకు బదులు అతని పది అంకెల బీమా నంబరు ఉంది.

మనుషులను తీసుకోవడంలో వచ్చిన మార్పు నేను ఊహించనిది. కొన్నేళ్లుగా ఆటోనగర్‌లో కుర్రవాళ్లు దొరకడం కష్టంగా ఉంది. ఐటీఐ పూర్తయినవాళ్లు పెనుకొండ దగ్గరి కియా వైపు, శ్రీసిటీ వైపు చూస్తారు. 2025 మార్చిలో మల్లవల్లి పారిశ్రామిక పార్కులో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం ప్రారంభమయ్యాక, బాడీ పని తెలిసినవాళ్లకు మన పక్కనే పెద్ద కంపెనీ వచ్చింది. వాళ్లు ఆశపడటంలో తప్పేమీ లేదు. ఇంతకాలం జీతం వెయ్యి రూపాయలు పెంచితే ఆగుతారని మేము అనుకున్నాం. సెప్టెంబరులో ముగ్గురు ఐటీఐ వెల్డర్లను తీసుకోవడానికి మాట్లాడినప్పుడు, ముగ్గురిలో ఇద్దరు జీతం కంటే ముందు "పీఎఫ్ ఉందా?" అని అడిగారు, ఒకరి తండ్రి ఫోను చేసి, ఈఎస్ఐ కార్డు ఎన్ని రోజుల్లో వస్తుందని అడిగారు. పెళ్లి సంబంధాలకు కూడా అదే అడుగుతున్నారని ఆయన చెప్పారు. జూన్‌లో అయితే నేను ఆ ఫోనుకు సమాధానం చెప్పలేకపోయేదాన్ని. ముగ్గురూ చేరారు, ఇప్పటికీ ఉన్నారు. మొదటిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకు రెండు విడతలుగా 15,000 రూపాయల వరకు ఇచ్చే ప్రధానమంత్రి వికసిత భారత్ రోజ్‌గార్ యోజన గురించి కూడా వాళ్లకు చెప్పాను. మొదటి విడతకే ఆరు నెలలు పనిచేసి ఉండాలి కనుక, ఖాతాలో పడేదాకా ఆ డబ్బును లెక్కలోకి తీసుకోవద్దనీ చెప్పాను.

ప్రతి నెలా 15వ తేదీలోగా రెండు చలాన్లూ కట్టాలి. నేను 10వ తేదీనే కూర్చుంటాను. ఒకసారి 14 రాత్రి దాకా ఆగి, బ్యాంకు లావాదేవీ వేలాడి, తెల్లవార్లూ మేలుకోవాల్సి వచ్చింది. డబ్బు జమ అయినట్టు ఫోన్లకు సందేశాలు వచ్చిన రోజున షెడ్డులో ఒకరి ఫోను ఒకరు తీసుకుని చదువుకుంటారు. "చీటీ ఆగిపోతుంది" అని బాధపడిన హెల్పరు, చీటీ పాట తీసుకుని, తన ఖాతాలో ఇప్పటికి ఎంత అయిందో వారం వారం నన్ను అడుగుతున్నాడు.

హాజరు పట్టీని కొత్తగా రాయించాను. మారుపేర్లు లేవు, పెన్సిలు లేదు, పెయింటర్లు నలుగురూ ఉన్నారు. వాళ్లలో ఇద్దరి ఆధార్‌లలో తండ్రి పేరు స్థానంలో తాత పేరు పడి ఉండటం వల్ల ఇంకా సవరణ పూర్తికాలేదు. వచ్చే సోమవారం రంగుల పని ఉండదని మేస్త్రీ చెప్పారు, ఆ రోజు ఉదయం ఇద్దరినీ వెంటబెట్టుకుని నేనే ఆధార్ కేంద్రానికి వెళ్తున్నాను.